ఫ్రెంచి యాడ్ వాళ్ళు మళ్ళీ పిలిచారు, సంతకం పెట్టమంటున్నారు. పెట్టచ్చా?

కౌశిక గట్టు:

అందరికీ నమస్కారం. అమలాపురం దగ్గర నాకో చిన్న స్టూడియో ఉంది. 14 ఏళ్ళుగా పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, ఎన్నికలొస్తే ఫ్లెక్సీ ఫొటోలు. ఈ గుంపులో సినిమా, యాడ్ ఫీల్డులో పనిచేసినవాళ్ళు ఉన్నారని ధైర్యం చేసి రాస్తున్నాను. కొంచెం పెద్దదే, ఓపిక పట్టండి.

సంక్రాంతి వెళ్ళిన వారం హైదరాబాదు నుంచి ఒక లైన్ ప్రొడ్యూసర్, అంటే షూటింగ్ ఏర్పాట్లు చూసేవాడు, ఫోన్ చేశాడు. పారిస్ నుంచి ఒక ఫొటోగ్రాఫరు, ఆయన అసిస్టెంటు, ఇంకో ఇద్దరు వస్తున్నారు, ఒంటికి రాసుకునే నూనె యాడ్, కొబ్బరితోటలూ కాలువలూ చూపించాలి అన్నాడు. రోజుకి 4,000, డీజిల్ వేరే. సరే అన్నాను. రెండు రోజులు బండారులంక, ముక్తేశ్వరం రేవు, బెండమూర్లంక, ఓడలరేవు, దిండి అన్నీ తిప్పాను. ముందురోజు రాత్రి వాట్సాప్‌లో "మీ కెమెరా కూడా తెచ్చుకోండి, వీలైతే నాలుగు ఫొటోలు పంపండి" అని పెట్టాడు. నాలుగేంటి, 340 తీశాను. చేతులూరుకోవు కదా.

రెండో రోజు పొద్దున్న కారు దూరని గట్టు ఒకటుంటే నేను బండి మీద ముందు వెళ్ళాను. ఆరుంబావు అయ్యుంటుంది. మంచు విడలేదు. కాళ్ళకి తాడు బంధం వేసుకుని, మొలలో కత్తి పెట్టుకుని కొబ్బరికాయలు దింపు తీసే ఆయన ఒకాయన చెట్టు దిగుతున్నాడు. కింద పంటకాలువలో చెట్టూ ఆయనా తలకిందులుగా. ఒకటే ఒక్కటి నొక్కాను. రెండోది నొక్కేలోపు కాలువలో బాతు దిగింది, నీడ చెదిరిపోయింది.

ఆ 340 డ్రైవ్‌లో పెట్టి లింకు పంపాను. 8,000, డీజిల్ డబ్బులు వచ్చాయి. అక్కడితో మర్చిపోయాను.

మార్చి నెలాఖరులో, ఫ్రాన్సులో చదువుతున్న మా తోడల్లుడి కొడుకు ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. "బాబాయ్, ఇది మన వైపులా ఉందేంటి?" అని. ఆ కంపెనీ వెబ్‌సైట్లో సీసా బొమ్మ కింద నా ఫొటో, ఈ చివర నుంచి ఆ చివర దాకా. పేరూ లేదు, ఊరూ లేదు. నాదేనని ఎలా తెలుసంటారా? ఫొటోలో ఎడం పక్క గట్టు మీద నా ప్యాషన్ బండి ఉండాలి. దాన్ని చెరిపేశారు. చెరిపినవాడు మహా పనిమంతుడు, బండి ఉన్నచోట గడ్డి కూడా పరకా పరకా వేశాడు. కానీ కాలువలో నీడ మర్చిపోయాడు. రెండు అద్దాలు, మధ్యలో హెడ్‌లైటు, తలకిందులుగా నీళ్ళలో వేలాడుతున్నాయి. గట్టు మీద లేని బండి నీళ్ళలో ఎక్కణ్ణించి వచ్చింది?

ఆ లైన్ ప్రొడ్యూసర్‌కి చూపిస్తే "అది రెఫరెన్స్ కదండీ" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. మొన్న ఆయనే మళ్ళీ చేశాడు, ఏమీ జరగనట్టు. మే 12 నుంచి 16 దాకా అసలు షూటింగట. నన్ను లోకల్ అసిస్టెంటుగా రమ్మంటున్నారు, రోజుకి 7,000. డ్రోన్ ఉంటే అదీ తెమ్మన్నారు. 9 పేజీల కాగితం పంపాడు, సగం ఇంగ్లీషు, సగం ఫ్రెంచి. చివరి పేజీలో సంతకం పెట్టి స్కాన్ పంపమంటున్నాడు.

గొడవపడితే వచ్చే పనీ పోతుందని మా ఆవిడ. నోటీసు ఇచ్చెయ్యమని మా తమ్ముడు. ఇద్దరి మాటా సబబుగానే ఉంది, అదే బాధ. ఫ్రెంచి యూనిట్లతో చేసినవాళ్ళుంటే చెప్పండి. అసలు వీళ్ళ పద్ధతేంటి? పాత ఫొటో సంగతి ఇప్పుడు ఎత్తచ్చా?

పులస సీజన్:

పారిస్ వాళ్ళు నీ ఫొటో దొంగిలించే స్థాయికొచ్చావన్నమాట. పార్టీ ఎప్పుడు? బండి నీడకి విడిగా రెమ్యూనరేషన్ అడుగు.

కౌశిక గట్టు:

నవ్వుకోండి బాబూ. ఈఎంఐ కట్టేది నేను.

రాజోలు లైటుమేన్:

తమ్ముడూ, కాగితం సంగతి తర్వాత. మే 12న కాలువలో ఏం చూపిస్తావయ్యా వాళ్ళకి? బురదా? జనవరిలో దాళ్వాకి, అదే రెండో పంటకి, నీళ్ళొదిలిన కాలువ చూసి మురిసిపోయి వెళ్ళారు. వేసవిలో కాలువలు కట్టేస్తారు, పూడిక తీస్తారు, మళ్ళీ నీళ్ళొచ్చేది జూన్‌లో. ధవళేశ్వరంలో కాటన్ ఆనకట్ట కట్టిన 1852 నుంచీ ఇక్కడ పుట్టినవాడెవడికైనా తెలిసిన సంగతి ఇది. హైదరాబాదులో కూచున్న నీ లైన్ ప్రొడ్యూసర్‌కి తెలీదు. పారిస్‌లో టికెట్లు కొన్నవాళ్ళకి అసలే తెలీదు. కాబట్టి ముందు ఇది గుర్తుపెట్టుకో: వాళ్ళకి నీతో ఉన్న అవసరం నీ కెమెరా కాదు.

నేను 1983లో మద్రాసు వెళ్ళాను, లైటు మోయడానికి. ఆ తర్వాత పాండిచ్చేరిలో 11 ఏళ్ళు ఫ్రెంచి యూనిట్లకి మేనేజరుగా చేశాను. యాడ్‌లే ఎక్కువ. సెంట్లు, చెప్పులు, పెట్టెలు, ఒకసారి కుక్కబిస్కెట్లు. కాబట్టి కొంచెం చెప్పగలను.

నువ్వు చేసినపనికి వాళ్ళ భాషలో పేరుంది, రెపెరాజ్ అంటారు. స్థలాలు వెతకడం. వాళ్ళ దేశంలో అదొక వృత్తి, దానికి విడిగా మనిషి, విడిగా కూలి. ఏ గంటకి ఎండ ఎటునుంచి వస్తుంది, వ్యాను ఎక్కడ తిరుగుతుంది, బాత్రూము ఎంత దూరం, పక్కింటి కుక్క మొరుగుతుందా అన్నీ రాసి ఫొటోలతో ఇస్తాడు. నువ్వు ఆ పని డీజిల్ డబ్బుల మీద చేసిపెట్టావు. అక్కడే పడిపోయావు. ఫొటో పోయింది రెండో దెబ్బ, మొదటి దెబ్బ అదీ.

పద్ధతి అడిగావు కదా. ముందురోజు రాత్రికల్లా ఒక కాగితం వస్తుంది, ఫోయ్ ద సెర్విస్ అని. మన కాల్ షీటే. అయితే మన దగ్గర కాల్ షీటంటే ఫోన్లో "పొద్దున్నే వచ్చెయ్" కదా. వాళ్ళది అలా కాదు. సూర్యోదయం నిమిషాలతో సహా, ఆసుపత్రి నంబరు, భోజనం ఎన్నింటికి, ఎవరు ఏ బండిలో అన్నీ ఉంటాయి. భోజనం గంట అంటే గంటే. నిలబడి పొట్లం విప్పుకుంటే వాళ్ళకి నచ్చదు, బల్లా కుర్చీ ఉండాలి. ఆ ఏర్పాట్లన్నీ చూసే మనిషిని రెజిస్సర్ అంటారు. ఆయనతో స్నేహంగా ఉండు, నీ బతుకు బాగుంటుంది.

గంటలు రాసుకుంటారు. కక్కుర్తి అనుకోకు. అక్కడ సినిమా, నాటకాల పనివాళ్ళకి ఒక పద్ధతుంది, 12 నెలల్లో 507 గంటలు పనిచేసినట్టు చూపిస్తే పనిలేని రోజుల్లో భృతి వస్తుంది. 1936 నుంచీ ఉన్న ఏర్పాటది, రూపాలు మారుతూ వచ్చింది. అందుకే గంటంటే వాళ్ళకి ప్రాణం. నువ్వూ రాసుకో. ఎన్నింటికి వచ్చావు, ఎన్నింటికి వదిలారు, చిన్న పుస్తకంలో రాసి రెజిస్సర్‌తో పొట్టి సంతకం పెట్టించుకో. ఎవరూ ఏమీ అనుకోరు. పైగా మర్యాద పెరుగుతుంది.

ఇంకోటి. స్టూడియోవాడివి, నీకు పనికొస్తుంది. మనం మొహం చీకటిగా ఉంటే లైటు పోస్తాం, తెల్ల రిఫ్లెక్టరు పడతాం. నా మొదటి ఫ్రెంచి ఉద్యోగంలో సముద్రం ఒడ్డున ఒకావిణ్ణి నిలబెట్టారు. ఫొటోగ్రాఫరు ఏదో అడిగాడు, నేను థర్మాకోలు పట్టుకుని పరిగెత్తాను. కాదన్నాడు. నల్ల గుడ్డ అడిగాడు. ఆవిడకి ఇటుపక్క నల్ల గుడ్డ కట్టించి వెలుతురు తీసేశాడు. అప్పుడు చూడాలి ఆ దవడ గీత! చెక్కినట్టు వచ్చింది. తర్వాత రెండు గంటలు మబ్బు కోసం కూచున్నాం. ఎవరూ విసుక్కోలేదు. ఆ రెండు గంటలకీ డబ్బులిచ్చారు. అప్పటి నుంచీ నా పెట్టెలో రెండు నల్ల దుప్పట్లు ఉండేవి.

అలాగని వాళ్ళందరూ మబ్బు కోసం చూసే రకమని కాదు. జాఁ పోల్ గూద్ అని ఉన్నాడు. 1990లో షనెల్ వాళ్ళ ఎగోయిస్త్ సెంటు యాడ్ తీశాడు. కిటికీల తలుపులు ధడాల్న తీసి ఆడవాళ్ళు అరుస్తుంటారు, అంతే యాడ్. దానికోసం బ్రెజిల్ వెళ్ళి పెద్ద హోటలు ముఖభాగం మొత్తం కట్టించాడు. ముఖం ఒక్కటే, వెనకాల ఏమీ లేదు. యూనిట్లో కుర్రాళ్ళకి ఆ యాడ్ చూపించి చెప్పేవాళ్ళం. ఇంకో దారి సారా మూన్‌ది, కషరెల్ బట్టలకి ఆవిడ తీసినవి చూడు, కిటికీ అద్దం మీద ఊపిరి ఊది అందులోంచి చూసినట్టుంటాయి. గీ బుర్దేఁ చెప్పుల యాడ్‌లలో చెప్పు తప్ప అన్నీ కనిపిస్తాయి, అయినా చెప్పే గుర్తుంటుంది. నీ దగ్గరికొచ్చినాయన ఏ బాపతో కనుక్కో. దాన్నిబట్టి తెలుస్తుంది నువ్వు మోయాల్సింది కర్రలో, గుడ్డలో.

డబ్బు మాట. అక్కడ పేరున్న ఫొటోగ్రాఫరు డబ్బు గురించి తను మాట్లాడడు, ఏజెంటు మాట్లాడతాడు. ఏజెంటు రెండు లెక్కలు వేస్తాడు. తీసిన రోజుకి కూలి ఒకటి, వాడుకకి వేరే. ఏ దేశంలో, ఎన్నేళ్ళు, గోడ మీదా, పత్రికలోనా, ఫోన్లోనా. రెండో లెక్క మొదటిదాన్ని మించిపోయిన రోజులు నేను కళ్ళారా చూశాను. నీకు ఏజెంటు లేడు. అందుకే 9 పేజీలు.

ఈ పట్టింపు వాళ్ళకి నిన్నా మొన్నా వచ్చింది కాదు. నదార్ అని బెలూన్ ఎక్కి 1858లో ఆకాశం నుంచి ఫొటో తీసినాయన ఉన్నాడు, మీ డ్రోన్లవాళ్ళందరికీ ముత్తాత. ఆయన ఆ ముందే సొంత తమ్ముడి మీద కోర్టుకెక్కాడు, నా పేరు నువ్వెలా పెట్టుకుంటావని. గెలిచాడు కూడా. 1862లో పారిస్‌లో ఇంకో కేసు. మేయర్, పియర్సన్ అని స్టూడియో వాళ్ళు తీసిన పెద్దమనుషుల ఫొటోలు వేరేవాళ్ళు అచ్చేసి అమ్ముకుంటే, ఫొటో కూడా కళే, తీసినవాడికి హక్కుంది అని తేల్చారు. నీ కేసే, 160 ఏళ్ళ కిందట. ఆ దేశం వాళ్ళకి నువ్వు ఫొటో నాది అంటే వింతగా ఉండదు. మధ్యలో ఉన్న మనవాడికే వింత.

కాబట్టి మధ్యవాడితో కాదు, నేరుగా ఆ ఫొటోగ్రాఫరు ఏజెంటుకి రాయి. తిట్టకుండా రాయి.

ప్లీడరు గుమాస్తా:

లైటుమేన్ గారు చెప్పింది బావుంది కానీ మన చట్టంలో ఒక మెలిక ఉందండి. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు డబ్బిచ్చి పురమాయిస్తే తీసిన ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే పురమాయించినవాడే మొదటి హక్కుదారు. మీరు తీసే పెళ్ళి ఫొటోలన్నీ ఆ లెక్కే. కాబట్టి అసలు ప్రశ్న, ఆ 8,000 దేనికిచ్చారు? ఫొటోలకా, తిప్పినందుకా? రసీదు మీద ఏముందో చూడండి.

కౌశిక గట్టు:

ఇప్పుడే తీసి చూశాను. వోచరు మీద "వెహికల్ అండ్ లోకల్ గైడ్, టూ డేస్" అని ఉంది. ఫొటో అన్న మాటే లేదు. వాట్సాప్‌లో మాత్రం "వీలైతే పంపండి" ఉంది.

ప్లీడరు గుమాస్తా:

అయితే మీకు చెప్పుకోడానికి గట్టి మాటే ఉంది. "వీలైతే" అన్నది పురమాయింపు అవదని మా ప్లీడరు గారు వాదిస్తారు, అవతలి ప్లీడరు అవుతుందని వాదిస్తాడు, వాయిదాలు పడతాయి. నా సలహా అడిగితే కోర్టు దాకా వద్దు. ఆ వోచరు, ఆ మెసేజి, కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైలు, బండితో సహా, మూడూ జాగ్రత్త చేయండి. హక్కు ఎవరిదైనా తీసినవాడిగా పేరు అడిగే హక్కు 57వ సెక్షన్ కింద మీకు విడిగా ఉంది. ఇంకోటి, మన చట్టంలో హక్కు రాసిచ్చినప్పుడు ఎన్నేళ్ళో రాయకపోతే 5 ఏళ్ళు అని, ఎక్కడో రాయకపోతే ఇండియా మాత్రమే అని అర్థం. అందుకే వాళ్ళ కాగితంలో ఆ రెండూ ఎలాగున్నాయో చూడటం ముఖ్యం.

కాకినాడ డ్రోన్:

డ్రోన్ గురించి నాలుగు ముక్కలు. వాళ్ళు నిన్ను అడగడానికి కారణం వాళ్ళు తెచ్చుకోలేరు కాబట్టి. 2022 ఫిబ్రవరి నుంచి బయటి డ్రోన్ల దిగుమతి నిషేధం, రక్షణ, పరిశోధనలాంటి వాటికి తప్ప. నీది 250 గ్రాములు దాటితే, డబ్బులు తీసుకుని ఎగరేస్తుంటే, రిజిస్ట్రేషన్ నంబరూ ఉండాలి, పైలట్ సర్టిఫికెట్టూ ఉండాలి. పెళ్ళిళ్ళలో ఎవరూ అడగరు, ఇక్కడ అడుగుతారు. గ్రీన్ జోన్‌లో, అంటే విడిగా అనుమతి అక్కర్లేని చోట, అయితే 120 మీటర్ల దాకా. ఎగరేసే ముందు డిజిటల్ స్కై అని డ్రోన్లకి ప్రభుత్వం పెట్టిన మ్యాపు చూడు. ఓడలరేవు, తాటిపాక వైపు గ్యాసు స్థావరాలున్నాయి, అటు తిప్పావా నీతోపాటు ఆ ఫ్రెంచాయన కూడా స్టేషన్లో కూచుంటాడు. కోరింగ మడ అడవుల్లోకైతే అటవీశాఖ కాగితం లేకుండా వెళ్ళకు. వాళ్ళు వచ్చేది టూరిస్టు వీసా మీద కాదు కదా? అదీ కనుక్కో. అలా వచ్చి షూటింగ్ చేస్తే ముందు దొరికేది లోకల్‌వాడే.

యానాం టీచరమ్మ:

నేను యానాంలో 31 ఏళ్ళు ఫ్రెంచి చెప్పి రిటైరయ్యాను. బాబూ, ఆ ఫ్రెంచి పేజీలు నాకు ఫొటో తీసి పంపు. కంపెనీ పేరు, మనుషుల పేర్లు మాత్రం కొట్టేసి పంపు, అందరి ముందూ అవి వద్దు.

యానాం టీచరమ్మ:

చదివాను. రెండు సార్లు చదివాను, ఎందుకంటే మొదటిసారి నా కళ్ళద్దాలదే తప్పేమో అనుకున్నాను.

ఇంగ్లీషు పేజీలో, షూటింగ్ రోజుల్లో నువ్వు తీసిన బొమ్మల హక్కులు ఇస్తున్నావు అని ఉంది. అదే చోట ఫ్రెంచి పేజీలో ఇంకో నాలుగు మాటలు ఎక్కువ ఉన్నాయి. "ఇమాజ్ ద రెపెరాజ్ కంప్రీజ్." అంటే రెపెరాజ్‌లో తీసిన బొమ్మలు కూడా కలుపుకుని. నీ 340 అందులోకి వచ్చేశాయి. దాని తర్వాత "తూ సుపోర్", అన్ని రకాల అచ్చుల్లోనూ. "మోఁద్ ఆంత్యే", ప్రపంచమంతా. ఆ తర్వాత "ఆ తీత్ర్ గ్రాత్వీ", అంటే ఉచితంగా. 8వ పేజీలో, రెండు భాషల మధ్య తేడా వస్తే ఫ్రెంచి పాఠమే ప్రమాణం అని ఒక చిన్న వాక్యం. ఇది ఎవరు రాశారో నాకు తెలియదు, పొరపాటున రాసింది మాత్రం కాదు. 7,000 లెక్కన అయిదు రోజుల కూలి చూపించి పాత ఫొటోకి కూడా సంతకం పెట్టించుకుంటున్నారు.

ఇందులో తమాషా ఏమిటంటే వాళ్ళ చట్టమే దీన్ని మెచ్చదు. అక్కడ మేధోసంపత్తి స్మృతిలో ఎల్ 131-3 అని ఉంది. హక్కు రాసిచ్చేటప్పుడు ఏ హక్కుకి ఆ హక్కు విడిగా పేర్కొనాలి, ఎంతమేరకు, దేనికి, ఎక్కడ, ఎన్నాళ్ళు అన్నదీ హద్దులు గీయాలి. గంపగుత్తగా కుదరదు. తీసినవాడి పేరు పెట్టే హక్కు ఎల్ 121-1, దాన్ని అమ్ముకుందామన్నా అమ్మలేవు, ఎప్పటికీ పోదు. ఈ రెండు నంబర్లూ నీ ఉత్తరంలో ఉంటే చాలు, చదివినవాడు కుర్చీలో సరిగ్గా కూచుంటాడు.

ఏ దేశం చట్టం నీకు వర్తిస్తుందో ప్లీడరు గారే చెప్పాలి. మా ఊరి సంగతే చూడు. బ్రిటిష్ వాళ్ళు బాల్యవివాహాలు కూడదని శారదా చట్టం తెచ్చాక ఆ పక్క జనమంతా పిల్లల్ని తీసుకుని యానాం వచ్చి పెళ్ళిళ్ళు చేసుకుపోయేవారు. మాది అప్పుడు ఫ్రెంచివారిది కదా. కల్యాణపురం అని పేరు పడిపోయింది. అప్పటికి నువ్వుంటే బోలెడు బేరం. చట్టం ఏటికి ఈ ఒడ్డున ఒకలా, ఆ ఒడ్డున ఒకలా ఉంటుందని మాకు కొత్త కాదు.

ఉత్తరం నువ్వు తెలుగులో రాసి పంపు. ఫ్రెంచిలో నేను పెడతాను. డబ్బులేం వద్దు, అలవాటు తప్పిపోతోంది నాకు.

ఒకటి మర్చిపోయాను. ఆ ఫొటోలో చెట్టు దిగే మనిషి సంతకం ఎవరైనా తీసుకున్నారా? అక్కడ ఎవరి బొమ్మ మీద వారికి హక్కుంటుంది. నీ పేరు లేదని నువ్వు బాధపడుతున్నావు, ఆయన మొహమే ఉంది అక్కడ.

కౌశిక గట్టు:

టీచరమ్మ గారూ, ఆ చివరి మాటకి రాత్రి నిద్ర పట్టలేదండి. నేనూ అడగలేదు ఆయన్ని. పెళ్ళి ఫొటోగ్రాఫర్లం, ఎవరినీ అడగం. ఉత్తరం పంపుతున్నాను.

రాజోలు లైటుమేన్:

ఉత్తరంలో కాలువ సంగతి మొదటి పేరాలో పెట్టు తమ్ముడూ. ఫొటో సంగతి రెండో పేరాలో. ముందు వాళ్ళ కొంప ములగకుండా కాపాడి, తర్వాత అడుగు.

కౌశిక గట్టు:

ఆరు వారాల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. మధ్యలో మూఢం లేదు, పెళ్ళిళ్ళ మీద పెళ్ళిళ్ళు.

ఏజెంటు ఒకావిడ. ఉత్తరం వెళ్ళిన నాలుగో రోజున జవాబు పెట్టింది. పై సగం అంతా కాలువ గురించే. నిజంగా నీళ్ళుండవా, ఎప్పుడొస్తాయి, ఎవరు వదులుతారు, ముందుగా వదిలించుకోవచ్చా అని. డెల్టా అంతటికీ ఒకేసారి వదులుతారమ్మా, మీకోసం తూము ఎత్తరు అని టీచరమ్మ గారు మర్యాదగా రాశారు. నీళ్ళు లేని కాలువ ఫొటో కూడా తీసి పంపాను, పొక్లెయిను పూడిక తీస్తున్నది. ఆ ఒక్క ఫొటోతో షూటింగ్ జూన్‌కి జరిగింది. వానలు కదా అంటే, మబ్బుంటే ఆయనకి ఇంకా ఇష్టమట. లైటుమేన్ గారూ, నేను నల్ల దుప్పట్లు రెండు కొన్నాను.

పాత ఫొటోకి విడిగా కాగితం వచ్చింది. వెబ్‌సైటుకి మాత్రమే, రెండేళ్ళు, కింద నా పేరు. ఎంతిచ్చారో ఇక్కడ రాయను, మా ఆవిడ కూడా ఈ గుంపులో చేరింది. రెపెరాజ్‌కి ఇంకో బిల్లు వేయమన్నారు, వేశాను. కొత్త కాగితంలోంచి ఆ నాలుగు మాటలూ తీసేశారు. ఎవరు పెట్టారంటే ఎవరూ చెప్పలేదు. లైన్ ప్రొడ్యూసర్ మాత్రం "మీరు నాతో ఒక్కమాట చెప్పుంటే" అన్నాడు. చెప్పాను కదా సామీ, ఫోన్ ఎత్తలేదు కదా.

దింపు తీసే ఆయన కోసం రెండు సార్లు తిరిగాను. ఫోన్లో చూపిస్తే తన మొహం చూసుకోలేదండి. వేలితో పెద్దది చేసి గెల చూశాడు. "ఇది లేతది, నేను కొయ్యలేదు, ఎవరైనా అడిగితే చెప్పండి" అన్నాడు. ఫ్రాన్సులో ఎవరూ అడగరు అన్నాను. సంతకానికి ఎంత కావాలంటే కాసేపు ఆలోచించి, ఆ రోజు ఎన్ని చెట్లు దింపేవాణ్ణో ఆ లెక్క కట్టండి చాలు అన్నాడు. నేను ఏజెంటు గారికి రాసినప్పుడు ఒక రోజు కాదు, రెండేళ్ళ వాడుక లెక్కే రాశాను. ఒప్పుకున్నారు. డబ్బు చేతికిచ్చినప్పుడు నోట్లు మూడు సార్లు లెక్కపెట్టాడు, నా వంక అనుమానంగా చూశాడు. ఏదో మోసం ఉందనే ఇప్పటికీ ఆయన అభిప్రాయం.

షూటింగ్‌లో కూడా అదే చెట్టు, అదే మనిషి కావాలన్నారు. అక్కడ పేచీ వచ్చింది. "ఆ చెట్టా? ఆ రోజంటే మంచు కాబట్టి ఎక్కాను. దానికి ఎర్రచీమల గూళ్ళున్నాయండి. ఎన్నిసార్లు ఎక్కి దిగమంటారో ఏంటో. దానికి వేరే రేటు" అన్నాడు. అది కూడా రెజిస్సర్‌కి రాశాను, నవ్వుకుంటారేమో అనుకుంటూనే.

మొన్న కాలువకి నీళ్ళొచ్చాయి. రేపే మొదటి రోజు. ఇప్పుడే ఫోయ్ ద సెర్విస్ వచ్చింది, సూర్యోదయం 5.27 అని వేశారు. రెపెరాజ్ అని ఉన్నచోట ఎదురుగా నా పేరు ఉంది. మా ఆవిడ ప్రింటు తీయించమంటోంది. అన్నిటికన్నా కింద ఎర్ర అక్షరాల్లో, చుట్టూ గడి గీసి ఏదో ఉంది. "అటాన్స్యోఁ, ఫుర్మీ రూజ్" అని చదవాలనుకుంటాను. టీచరమ్మ గారూ, ఇదేమైనా కొత్త మెలికా? పొద్దున్న మూడింటికి లేవాలి, అంతలోపు చెప్పగలరా?

యానాం టీచరమ్మ:

మెలికేం కాదు, పడుకో. ఎర్రచీమలున్నాయి జాగ్రత్త అని.